ఫోక్-రాక్ బ్యాండ్ వదిలి సంప్రదాయ పాటలకు తిరిగి వెళ్తే కెరీర్ ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంగ్లండ్‌లో ఒక ఫోక్-రాక్ బ్యాండ్‌లో (జానపద పాటల్ని రాక్ వాద్యాలతో పాడే బ్యాండ్) కొన్నేళ్లుగా పాడుతున్నారు, ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నారు. ఇప్పుడు ఆ హోరంతా పక్కనపెట్టి, ఒక్క అకౌస్టిక్ గిటార్‌తో ఇక్కడి పాత పాటలే పాడాలనిపిస్తోంది. తోటివాళ్లేమో "ఇప్పుడిప్పుడే పేరొస్తుంటే వెనక్కి పోతావా" అంటున్నారు. ఇలా వెళ్లినవాళ్లు ఎవరైనా నిలబడ్డారా అని అడిగారు.

నిలబడ్డారు. కెరీర్ పోదు. సైజు తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. హాళ్లు చిన్నవవుతాయి. మొదట్లో చేతికొచ్చే డబ్బు కూడా తగ్గుతుంది, అందులో అనుమానం పెట్టుకోకండి. ఒక షరతు మాత్రం ఉంది: పాటలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని వెళ్లాలి. బ్యాండ్ పాటల్లోంచి డ్రమ్స్, బేస్ తీసేసి, మిగిలినదాన్నే సంప్రదాయం అంటూ పాడితే జనం ఒకసారి వస్తారు, రెండోసారి రారు.

నేను ఇక్కడి ఫోక్ క్లబ్బుల్లో, చిన్న ఫెస్టివల్స్‌లో సౌండ్ చూసుకుంటాను. అవసరమైతే గిటార్ తోడుగా వాయిస్తాను. బ్యాండ్ నుంచి సోలోకి మారిన గాయకుల్ని మిక్సర్ వెనక నిలబడి చాలామందిని చూశాను కాబట్టి ఆ కోణంలోంచే చెప్తాను.

ముందు మార్టిన్ కార్తీ సంగతి. ఈ ఇంగ్లిష్ ఫోక్ గాయకుడి మొదటి ఆల్బమ్ 1965లో వచ్చింది. 1970లో స్టీలై స్పాన్ అనే ఫోక్-రాక్ బ్యాండ్‌లో చేరి, చేతిలో టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నారు. 1972లో బయటికొచ్చేశారు. ఆ తర్వాతే ఆ బ్యాండ్‌కి పెద్ద హిట్లు వచ్చాయి: 1973లో 'గౌడేటే' బ్రిటిష్ చార్టుల్లో 14వ స్థానానికి వెళ్లింది, 1975లో 'ఆల్ అరౌండ్ మై హ్యాట్' 5వ స్థానానికి. లెక్క ప్రకారం చూస్తే ఆయన సరిగ్గా తప్పుడు టైమ్‌లో దిగిపోయారు. అదే 1972లో సోలోగా 'షియర్‌వాటర్' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో 'ఫేమస్ ఫ్లవర్ ఆఫ్ సర్వింగ్ మెన్' అనే ఒక్క పాటే తొమ్మిది నిమిషాలకు పైగా ఉంటుంది. రేడియోకి పనికొచ్చే పాట కాదు. కానీ ఇక్కడ బాలడ్స్ (కథ చెప్పే పాత పాటలు) పాడే ఎవరినైనా అడగండి, ఆ పాట దగ్గర ఆగకుండా ముందుకు పోరు. 2025లో, 84 ఏళ్ల వయసులో, తన మొదటి ఆల్బమ్ పాటల్నే మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేశారు. అది బ్రిటన్‌లో మంచి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకు ఎక్కింది. చార్టుల్లో 5వ స్థానం ఎక్కువా, అరవై ఏళ్ల పని ఎక్కువా అనేది మీ ఇష్టం. ఆయన మధ్యలో 1977లో కొన్నాళ్లు మళ్లీ అదే బ్యాండ్‌కి వెళ్లి వాయించొచ్చారు కూడా. అంటే తలుపులేమీ మూసుకుపోవు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. వేర్లకు తిరిగి వెళ్లడం అంటే ప్లగ్ పీకేయడం అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరువేరు విషయాలు. యాష్లీ హచింగ్స్‌నే తీసుకోండి. 1967లో లండన్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకరు, బేస్ వాయించేవారు. 1969 మేలో వాళ్ల వ్యాన్‌కి ఎం1 మోటర్‌వే మీద ప్రమాదం జరిగి డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, ఆ వ్యాన్‌లోనే ఉన్న జీనీ ఫ్రాంక్లిన్ కూడా. మిగిలినవాళ్లు కోలుకుని హాంప్‌షైర్‌లో ఒక ఇంట్లో కలిసి ఉంటూ కొత్త పాటలు సాధన చేశారు. అదే ఆ డిసెంబర్‌లో వచ్చిన 'లీజ్ అండ్ లీఫ్' ఆల్బమ్. ఇంగ్లిష్ ఫోక్-రాక్‌కి ఇప్పటికీ అదే గీటురాయి. అది బయటికి రాకముందే ఇద్దరు బ్యాండ్ వదిలేశారు, అదీ ఎదురెదురు దిక్కుల్లో. గాయని శాండీ డెనీ సొంత పాటలు రాసుకోవడానికి వెళ్లారు. హచింగ్స్ ఇంకా లోతుగా సంప్రదాయంలోకి వెళ్లాలని వెళ్లారు. కానీ ఆయన ఎలక్ట్రిక్ బేస్ వదల్లేదు! స్టీలై స్పాన్ పెట్టారు, అదీ వదిలి ఆల్బియన్ బ్యాండ్ పెట్టారు, 1972లో మోరిస్ అనే ఇంగ్లిష్ జానపద నృత్యపు బాణీల్ని డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో వాయించి 'మోరిస్ ఆన్' తెచ్చారు. వాద్యం మారలేదు, పాటలు ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది మారింది. లండన్‌లో ఫోక్ సంగీతానికి కేంద్రమైన సెసిల్ షార్ప్ హౌస్ లైబ్రరీలో కూర్చుని పాత సేకరణలు తిరగేశారు.

దీనికి పూర్తిగా ఉల్టా ఇంకో ముచ్చట. 1974లో బ్రిటన్‌లో కరెంటు కోతలు, వారానికి మూడు రోజుల పని. అప్పుడు ఇదే హచింగ్స్, ఫోక్ గాయని షర్లీ కాలిన్స్ కలిసి కరెంటు అవసరం లేని ఒక బృందం పెట్టుకున్నారు, ఎచింగమ్ స్టీమ్ బ్యాండ్ అని. సిద్ధాంతం కోసం కాదు, ప్లగ్ పెట్టినా పలకదు కాబట్టి. కాబట్టి గిటార్ ఏది పట్టుకోవాలన్నది చివర్లో తేల్చుకోండి.

మొదట తేలాల్సింది కాలం. అంటే తాళం, ఊపిరి, పాదాల మధ్య ఖాళీ. మీరు ఎక్కువ కష్టపడేది ఇక్కడే. నా అనుభవంలో ఎవరూ దీన్ని ముందుగా ఊహించరు.

ఒక గాయని ఉన్నారు, పేరు చెప్పను. ఫోక్-రాక్ బ్యాండ్‌లో చాలాకాలం పాడి సోలోకి వచ్చారు. మంచి గొంతు, మాట స్పష్టం. క్లబ్బులో సౌండ్ చెక్ చేస్తుంటే ఏదో అతకడం లేదు. ఈక్యూ (మంద్ర, తార స్వరాల పాళ్లు) మార్చాను, మైక్ మార్చాను, లాభం లేదు. కాసేపటికి ఆమె కుడికాలు చూశాను. ప్రతి చరణం చివర కాలు రెండుసార్లు నేలకు తాకుతోంది, ఆ తర్వాతే పక్క చరణం ఎత్తుకుంటున్నారు. బ్యాండ్‌లో అక్కడ డ్రమ్ ఫిల్ (చరణాల మధ్య డ్రమ్మర్ వాయించే చిన్న ముక్క) ఉండేది! డ్రమ్మర్ బ్యాండ్‌తోనే ఉండిపోయాడు, ఆయన కోసం వదిలిన రెండు బీట్లు మాత్రం అలాగే ఉన్నాయి. వినేవాళ్లకు అది గొయ్యిలా వినిపిస్తుంది, ఎందుకో వాళ్లూ చెప్పలేరు. గిటార్ కింద పెట్టి, కాలు కదపకుండా, ఎవరికో జరిగింది చెప్తున్నట్టు పాడమన్నాను. నాలుగో చరణానికి ఆ ఖాళీ పోయింది. కథలో తొందర ఉన్నచోట ఊపిరి కూడా పూర్తిగా తీసుకోకుండా దూకారు, శవాన్ని చూసే చరణం ముందు మాత్రం చాలాసేపు ఆగారు. ఆ ఆగడం ఏ బీట్‌కీ లెక్క కాదు.

పాత గాయకులు అలాగే పాడేవాళ్లు. లింకన్‌షైర్‌కి చెందిన జోసెఫ్ టేలర్ డెబ్బై దాటిన వయసులో పాడిన పాటల్ని స్వరకర్త పెర్సీ గ్రెయింజర్ సేకరించారు, 1908లో గ్రామఫోన్ కంపెనీ వాటిని రికార్డులుగా విడుదల చేసింది. వెతికి వినండి. గ్రెయింజర్ తర్వాత 1937లో వాటిలో కొన్నింటిని 'లింకన్‌షైర్ పోజీ' పేరుతో బ్యాండు వాద్యాలకు రాసినప్పుడు, 'రఫర్డ్ పార్క్ పోచర్స్' పాటలో ఒక బార్ (తాళపు ఆవర్తం) నాలుగు లెక్కలు, ఇంకో బార్ అయిదు ఇలా మార్చుకుంటూ పోయారు. పాడినవాడు అలా పాడాడు కాబట్టి. రాక్ డ్రమ్మర్ దగ్గరికి ఈ పాట తీసుకెళ్తే, పాపం అతను తప్పు చేయడు, కానీ నాలుగుకి సర్దేస్తాడు. సర్దిన పాటనే మనం బ్యాండ్‌లో ఏళ్ల తరబడి పాడతాం, అదే అసలు పాట అనుకుంటాం.

ఇదంతా కార్తీకి ముందే తెలుసనిపిస్తుంది. ఆయన ఉన్నప్పటి స్టీలై స్పాన్ ఆల్బమ్ 'ప్లీజ్ టు సీ ద కింగ్' (1971) వినండి. ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి, బేస్ ఉంది, డ్రమ్మర్ లేడు. సోలోలో ఆయన గిటార్ కార్డ్స్ కొడుతూ పోదు, పాట బాణీ వెంటే నడుస్తుంది, బొటనవేలు కింది తీగల మీద దరువు వేస్తుంది. దానికోసం తీగల్ని సి-జి-సి-డి-జి-ఎ అని మార్చి శ్రుతి చేసుకుంటారు. మీరు అదే ట్యూనింగ్ పెట్టుకోమని కాదు. కానీ మామూలు ట్యూనింగ్‌లో చేయి అలవాటు కొద్దీ రాక్ కార్డ్స్ మీదికే పోతుంది. వేళ్లకు దారి తెలియని ట్యూనింగ్ ఒకటి పెట్టుకుంటే ముందు గొంతు నడుస్తుంది, వేళ్లు దాని వెనక వస్తాయి. డాడ్‌గాడ్ అనే ట్యూనింగ్ కూడా సరిపోతుంది, అయితే అందరూ అదే వాయిస్తుండటంతో వినీవినీ నాకు కాస్త విసుగు పుట్టింది, అది నా సొంత గోల.

సౌండ్ మనిషిగా ఇంకో మాట. కొత్తగా సోలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను రివర్బ్ (గొంతుకు ప్రతిధ్వని) పెంచమంటారు. వెనక బ్యాండ్ లేని ఖాళీకి టెన్షన్ పడి అడుగుతారు. నేను పెంచను. నలభై మంది కూర్చున్న పబ్ మేడమీద గదిలో మాట అర్థం కావడం ముఖ్యం. ఇరవై చరణాల కథలో ఒక్క పేరు చెవిన పడకపోతే చివర ఎవరు ఎవర్ని చంపారో తెలియదు.

పాటలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? బ్యాండ్ల రికార్డుల నుంచి మాత్రం వద్దు. ఫెయిర్‌పోర్ట్ 'మాటీ గ్రోవ్స్' విని 'మాటీ గ్రోవ్స్' నేర్చుకుంటే మీరు ఫెయిర్‌పోర్ట్‌నే పాడుతున్నట్టు. అది చైల్డ్ సేకరణలో 81వ బాలడ్. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ మొత్తం 305 బాలడ్స్‌ని పాఠాంతరాలతో సహా అచ్చువేశారు. ఒక్కో బాలడ్‌కి పాఠాలు ఎన్నో ఉంటాయి, ఏ పాఠంలో ఏ చరణం ఉంది, ఏది లేదు అని పక్కపక్కన పెట్టుకు చూడండి. రౌడ్ నంబర్ (జానపద పాటల సూచికలో ఒక్కో పాటకు ఇచ్చిన సంఖ్య) తెలిస్తే అదే పాటను ఎక్కడెక్కడ ఎవరెవరు పాడారో వాన్ విలియమ్స్ మెమోరియల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆ లైబ్రరీ ఉండేది సెసిల్ షార్ప్ హౌస్‌లోనే, లండన్ వెళ్లినప్పుడు ఒకపూట కూర్చోండి.

కాగితం సగమే. మిగతా సగం చెవితో. హ్యారీ కాక్స్, వాల్టర్ పార్డన్ (ఇద్దరూ నార్ఫక్ వాళ్లే), ససెక్స్‌లో కాపర్ కుటుంబం, ఈ సంప్రదాయ గాయకుల్ని వినండి. టాపిక్ రికార్డ్స్ అనే ఫోక్ రికార్డుల కంపెనీ 1998లో 'వాయిస్ ఆఫ్ ద పీపుల్' అని 20 ఆల్బమ్‌ల వరస తెచ్చింది, దాంట్లో ఎక్కడ మొదలుపెట్టినా నష్టం లేదు. మొదటిసారి వింటే నీరసంగా, శ్రుతి అటూ ఇటూ పోతున్నట్టు అనిపిస్తుంది. బ్యాండ్ చెవి అలాగే వింటుంది. పొద్దున్నే టీ తాగుతూ ఒక్క పాటే వారమంతా వినండి, అప్పుడు ఆ గాయకుడు ఎక్కడ సాగదీశాడో, ఎక్కడ మింగేశాడో తెలుస్తుంది. ఆ తర్వాత ఆయనలా పాడకండి. నార్ఫక్ యాస పెట్టి పాడే తెలుగువాడిని (లేదా లండన్‌వాడిని) ఎవరూ నమ్మరు. మీ ఇంగ్లిష్ ఎలా ఉందో అలాగే పాడండి, ఇక్కడి శ్రోతలకు దానితో ఏ పేచీ ఉండదు.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా వదలను. క్లబ్బులో ముందు ఫ్లోర్ సింగర్లు (వచ్చినవాళ్లలోంచే లేచి పాడేవాళ్లు) రెండేసి పాటలు పాడతారు, తర్వాత ఆ రోజుకు పిలిచిన గెస్ట్ రెండు సెట్లు, మధ్యలో రాఫిల్ (చిన్న లాటరీ) టికెట్లు. ఆ రాఫిల్ డబ్బుతో నడుస్తున్న క్లబ్బులు కూడా ఉన్నాయి, నవ్వకండి. మీకు వచ్చేది ముందే మాట్లాడుకున్న ఫీజు, లేదా గేటు దగ్గర వసూలైనదాంట్లో వాటా. అది బ్యాండ్ ఫీజులో చిన్న ముక్కే. కానీ దాన్ని అయిదుగురు పంచుకోనక్కర్లేదు, వ్యాన్ అద్దె లేదు, బల్ల మీద పెట్టిన సీడీల డబ్బు మీదే. అన్నీ కలిపి లెక్కేసుకుంటే చాలామంది అనుకున్నంత తేడా రాదు.

రాయల్టీ సంగతి నిర్లక్ష్యం చేయకండి. సంప్రదాయ పాటకు కర్త లేడు, మీ అరేంజ్‌మెంట్‌కి మాత్రం మీరే కర్త. రాయల్టీలు వసూలు చేసే సంస్థ పీఆర్‌ఎస్‌లో 'ట్రాడ్ అరేంజ్డ్' (సంప్రదాయ పాటకు సొంత అరేంజ్‌మెంట్) కింద మీ పేరు మీద నమోదు చేయించుకోవచ్చు. కార్తీ పాడిన 'స్కార్‌బరో ఫెయిర్' ఆయన దగ్గరే నేర్చుకుని అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ ప్రపంచమంతా మోగించారు, రికార్డు మీద కార్తీ పేరు లేదు. ఆ కినుక ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2000లో సైమన్ లండన్ కచేరీలో ఇద్దరూ కలిసి ఆ పాట పాడాక చల్లారింది. నమోదు చేసేముందు ఆ పాట నిజంగా సంప్రదాయమేనా చూసుకోండి. 'షోల్స్ ఆఫ్ హెరింగ్' వందేళ్ల నాటి జాలరి పాటలా ఉంటుంది, రాసింది ఈవన్ మెక్‌కాల్, 1960లో రేడియో కార్యక్రమం కోసం. 'ఫిడ్లర్స్ గ్రీన్' కూడా అంతే, జాన్ కనోలీ 1960ల్లో రాసినది. వీటిని ట్రాడ్ అని వేసుకుంటే మర్యాదా పోతుంది, డబ్బూ కట్టాలి.

ఒక్కసారి వెళ్తే ఇక సొంత పాటలు రాయలేనేమో అని కూడా భయపడుతున్నారు కదా. దానికి బాబ్ డిలన్‌ని చూడండి. 1990 తర్వాత ఆయన దగ్గర కొత్త పాటలు ఆగిపోయాయి. 1992లో, 1993లో వరసగా రెండు ఆల్బమ్‌లు, ఒక్కడే గిటార్, హార్మోనికా పట్టుకుని అన్నీ పాత పాటలు. రెండోదానికి సంప్రదాయ ఫోక్ విభాగంలో గ్రామీ వచ్చింది. 1997లో 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్' తెచ్చారు, అన్నీ సొంత పాటలు, దానికి ఆ ఏటి ఆల్బమ్ గ్రామీ. ఆ రెండు ఆల్బమ్‌లు లేకపోతే మూడోది ఉండేది కాదని నేను అనుకుంటాను. ఒప్పుకోని మిత్రులు ఉన్నారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఎలైజా కార్తీ, మార్టిన్ గారమ్మాయే. 1998లో 'రెడ్ రైస్' అని జంట ఆల్బమ్: ఒక డిస్క్‌లో కొత్త తరహా బీట్లు, రెండో డిస్క్‌లో అకౌస్టిక్‌గా సంప్రదాయం. 2000లో వార్నర్ లాంటి పెద్ద కంపెనీకి ఎక్కువగా సొంత పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. వెంటనే 2002లో టాపిక్‌కి వచ్చి 'ఆంగ్లికానా' అనే ఇంగ్లిష్ సంప్రదాయ పాటల ఆల్బమ్. మెర్క్యురీ తుది జాబితాలోకి వెళ్లినవి జంట ఆల్బమ్, ఈ ఆంగ్లికానా. మీ తోటివాళ్లు వెనకడుగు అన్నప్పుడు ఈ వరస వాళ్లకు చెప్పండి.

హెచ్చరించాల్సింది ఒకటుంది: గొంతు. బ్యాండ్‌లో గొంతు బాగాలేని రోజు గిటార్ సోలో పెంచి గట్టెక్కొచ్చు. ఒంటరిగా రెండు నలభై అయిదు నిమిషాల సెట్లు పాడేటప్పుడు దాక్కోవడానికి చోటు లేదు. షర్లీ కాలిన్స్‌కి 1970ల చివర్లో డిస్ఫోనియా వచ్చి గొంతు పలకడం మానేసింది. 1978 తర్వాత మళ్లీ ఆల్బమ్ వచ్చింది 2016లో, 'లోడ్‌స్టార్'. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి, గొంతు బాగా కిందికి దిగిపోయింది, దాన్ని దాచకుండా అదే శ్రుతిలో, లూయిస్‌లోని తన ఇంట్లోనే రికార్డు చేశారు. నాకు ఆమె పాత రికార్డుల కంటే అదే ఎక్కువ ఇష్టం. అందరికీ అలాంటి తిరుగు ప్రయాణం దొరకదు కాబట్టి, బ్యాండ్‌లో అరిచి పాడే శ్రుతి నుంచి ఒకటి రెండు మెట్లు దించుకుని మొదలుపెట్టండి.

ఎలా మారాలంటే, ఫేర్‌వెల్ పోస్టులు, ప్రకటనలు ఏమీ వద్దు. బ్యాండ్ సెట్ మధ్యలో ఒక్క పాట ఒంటరిగా పాడతానని అడగండి. డ్రమ్మర్లు ఆ విశ్రాంతికి ఎప్పుడూ కాదనరు. దగ్గర్లోని ఏదైనా క్లబ్బుకి గెస్ట్‌గా కాదు, ఫ్లోర్ సింగర్‌గా వెళ్లండి, వెళ్లిన ప్రతిసారీ చివరిదాకా కూర్చుని మిగతావాళ్ల పాటలు వినండి. బుకింగ్ చేసేవాళ్లు గమనించేది అదే, పాడి వెంటనే వెళ్లిపోయేవాళ్లను పిలవరు. పోస్టర్ మీద "ఫలానా బ్యాండ్ నుంచి" అని వేయమంటారు, మొదటి ఏడాది ఒప్పుకోండి, ఆ తర్వాత తీసేయమనండి. లేకపోతే బ్యాండ్ హిట్ పాడమని అరిచేవాళ్లే ముందు వరసలో ఉంటారు. క్లబ్బులు, ఫెస్టివల్స్ చాలా నెలల ముందే డేట్లు ఖరారు చేసుకుంటాయి కాబట్టి ఇప్పుడు అడిగితే మీకు దొరికేది వచ్చే ఏడాదే. ఈ వేసవి బ్యాండ్ షోలు మాత్రం ఒక్కటి కూడా వదులుకోకండి.